పిడికెడు బియ్యం

మమ్మల్ని ఎగతాళి చేసిన పేర్లన్నీ వరసబెట్టి రాస్తే అదే మా మాదిగపల్లె చరిత్ర అయిద్ది.

మా నాయనమ్మ కాలంలో ‘పాలపొడిగాళ్లు’ అన్నారు. మిషనోళ్లు పంచిన పాలపొడి కోసం దేవుణ్ణి మార్చుకున్నామని దాని భావం. అమ్మ కాలానికి ‘బియ్యం కిరస్తానీలు’ అయ్యాం. మిరపకాయల కోతకి పోతే గట్టుమీద నిలబడి, ‘ఏందే, మీ ఏసు ఇవాళ కూడు పంపలేదా’ అని నవ్వేవాళ్లు. నుదుటిన బొట్టు లేదని, మొగుడి పక్కన నడిచిపోయే ఆడమనిషిని పట్టుకుని ‘ముండమొహం’ అన్నారు. ఇప్పుడు సెల్‌ఫోన్ల కాలం. అందులో మమ్మల్ని ‘గొర్రెలు’ అంటన్నారు. ఆ మాట కింద నవ్వే బొమ్మలు వందలకొద్దీ పెడతన్నారు.

పేర్లు మారినయ్. అనేవాళ్లు నిలబడ్డ వీధి మాత్రం మారలా. గుంటూరు ప్రాంతంలో రెడ్లల్లో, కమ్మల్లో తరతరాలుగా కథోలిక క్రైస్తవులున్నారు. వాళ్లు మొక్కే సిలువకే మేమూ మొక్కుతాం. వాళ్లని ఎవరైనా ఎప్పుడైనా బియ్యం కిరస్తానీలన్నారా? అనరు. వాళ్లకి పొలాలున్నయ్. మా దేవుణ్ణి చూసి నవ్వుతున్నామని ఊరు అనుకుంటది గానీ, ఊరు నవ్వేది మా కులాన్ని చూసి. మాదిగోడు ఊరిని అడక్కుండా తనకంటూ ఒక దేవుణ్ణి ఎంచుకున్నాడే, అది వాళ్లకి ఈ రోజుకీ మింగుడుపడదు.

నేను ప్రకాశం జిల్లాలో పుట్టాను. మా వంశంలో డిగ్రీ కాగితం చేత్తో పట్టుకున్న మొదటి మనిషిని నేనే. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో పంతులమ్మగా చేరి పన్నెండేళ్లు దాటింది. ఈ నాలుగు మాటలు ఉద్యమంలో ఉన్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ, హాస్టళ్లలో చదువుకుంటున్న పిల్లలకీ రాస్తున్నాను. మతం గురించి మీకు బోధ చెయ్యటానికి కాదు. మా అమ్మలు ఈ నవ్వుల మధ్య ఒక ఆశని ఎట్లా బతికించుకొచ్చారో, దానికి ఎంత ఖర్చయిందో లెక్క చెప్పటానికి.

ముందు ఆ బియ్యం సంగతి తేల్చాలి. చిన్నప్పుడు ఈ మాటకి నా దగ్గర జవాబుండేది కాదు. డిగ్రీ చదివేటప్పుడు ఒంగోలు మిషను చరిత్ర చేతికొచ్చింది. రెండు రాత్రుళ్లు నిద్రపోకుండా చదివాను. జాన్ క్లౌ దొర ఒంగోలు వచ్చింది 1866లో. మాకు సువార్త ఆయనే మోసుకొచ్చాడని అందరూ అనుకుంటారు. ఆ సంవత్సరమే బాప్తిస్మం తీసుకున్న యెర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారం చేసుకునే మాదిగ. చదువు రాదు. దేవుడెవరో తేల్చుకోవాలని గురువుల దగ్గర తిరిగి తిరిగి, తనకై తనే వెతుక్కుంటా పోయాడు. పోయినవాడు ఊరికే ఉండక, తోళ్ల కోసం తిరిగే దారుల్లోనే చుట్టాలందరికీ చెప్పుకుంటా పోయాడు. దొర వచ్చి మా గుడిసె తలుపు తట్టక ముందే మావాడు లేచి నడిచాడన్నమాట.

తర్వాత 1876-78 కరువు. జనం చీమల్లా రాలిపోయారు. క్లౌ దొర బకింగ్‌హామ్ కాలవలో మూడు మైళ్ల దాకా తవ్వకం కాంట్రాక్టు తీసుకుని మావాళ్లకి కూలి పని చూపించాడు. మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఇక్కడుంది. ఆ కరువు పని నడిచినన్నాళ్లూ ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. తిండికోసం వచ్చారనే మాట రాకూడదని, అడిగినవాళ్లందర్నీ ఆగమన్నాడు. పని అయిపోయింది. కూలి డబ్బులూ అయిపోయినయ్. ఇంక ఆయన దగ్గర ఇవ్వటానికేం లేదు. అప్పుడు జనం కదిలారు. 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది నీళ్లలో దిగారు.

నీళ్లలోంచి లేచినవాళ్లకి ఏమొచ్చింది? చచ్చిన గొడ్డు మాంసం తినమన్నారు. విగ్రహాలకి మొక్కమన్నారు. ఆదివారం పనికి రామన్నారు. జాతరలో డప్పు కొట్టమన్నారు. డప్పు ఇవాళ మన ఆత్మగౌరవం గొంతు, నిజమే. ఆ రోజుల్లో అది వెట్టి. పిలిస్తే రావాల, కొట్టమంటే కొట్టాల, ఆపమంటే ఆపాల. ‘కొట్టం’ అనేసరికి ఊరు ఊరుకుంటదా? కూలి ఆపారు, కొట్టారు. బియ్యం కోసం పోయినవాళ్లయితే ఆ దెబ్బకి తిరిగొచ్చెయ్యాలిగా? రాలా.

ఇంత చరిత్ర మా అమ్మకి తెలియదు. ఆమెకి చదువు రాదు. ఆమె తన మీద పడ్డదాన్ని తను మోసింది.

2003లో నేను తొమ్మిదో తరగతి. మా నాయన చీమకుర్తి వైపు గ్రానైటు క్వారీలో కూలి. ఒకరోజు పొద్దున బండ జారి ఎడమకాలి మీద పడింది. ఒంగోలు తీసుకుపోయారు. మోకాలి కింద తీసేశారు. నాలుగోరోజున యజమాని మనిషి వచ్చి మంచం మీద పదివేలు పెట్టాడు. మస్టరులో నాయన పేరే లేదంట, ఇది దయతో ఇస్తున్నదంట. పేరు లేనోడి కాలు వాళ్ల బండ కింద ఎట్లా పోయిందని అడగటానికి మాకు వకీలు లేడు, చుట్టాల్లో గుమాస్తా కూడా లేడు.

నాయన చంకకర్రలతో ఇంటికొచ్చినప్పుడు రచ్చబండ మీద కూర్చున్నోళ్లు అమ్మని పిలిచి మరీ అన్నారు: ‘కుంటోళ్లని నడిపిస్తాడంట గదే మీ ఏసు? మీవాణ్ణి నడిపించమనవే!’

అమ్మ ఆగలా. మాట్లాడలా. తలమీద గడ్డిమోపు ఉంది, అట్లాగే నడిచింది. వెనక నేనున్నాను. ఆ నవ్వు నా వీపుమీద ఇప్పటికీ ఉంది.

ఊరి నవ్వు ఒకెత్తు, మావాళ్ల మాట ఒకెత్తు. టౌనులో పెద్ద స్వస్థత కూటాలు జరుగుతున్నయ్ అని చుట్టాలు బలవంతపెడితే నాయన్ని తీసుకుపోయాం. మైకులు, లైట్లు, రంగురంగుల షామియానాలు. ఆ బోధకుడు నాయన తలమీద చెయ్యి పెట్టి అరిచాడు, ఊపాడు. కాలు లేనోడికి కాలెట్లా మొలుస్తది? చివరికి ‘మీ ఇంట్లో అవిశ్వాసం ఉంది’ అన్నాడు. అంత జనంలో అమ్మ ఆయన మొహంలోకి చూసి, ‘విశ్వాసం తూచే తక్కెడ నీ దగ్గరుందా అయ్యా?’ అని అడిగి, నాయన జబ్బ పట్టుకుని బయటికి నడిపించుకొచ్చింది. ఆ రోజు నుంచి నాయన చర్చికి రావటం మానేశాడు. తాత వదిలిపోయిన ఆరె, రంపె బయటికి తీసి చెప్పులు కుట్టటం మొదలుపెట్టాడు. అమ్మ ఆయన్ని ఒక్కసారి కూడా రమ్మని పోరు పెట్టలా.

మా చర్చిలో మంచి శుక్రవారం నాడు ఏసు సిలువమీద పలికిన ఏడు మాటల్ని ఏడుగురు పంచుకుని ధ్యానం చెప్పే అలవాటుంది. పాస్టరుగారు ముందే అడుగుతారు, ఎవరికి ఏ మాట కావాలో. శత్రువుల్ని క్షమించే మొదటి మాటకి, దొంగకి పరదైసు ఇచ్చే రెండో మాటకి పోటీ. నాలుగో మాటని ఎవరూ అడగరు. దేవుడే తన చెయ్యి వదిలేశాడని ఏసు కేకపెట్టిన మాట అది. దాని మీద ఏం చెప్తారు? ఆ సంవత్సరం అమ్మ చెయ్యెత్తి నాలుగో మాట తీసుకుంది.

కొంగు నడుముకి దోపుకుని నిలబడింది. ‘నా మొగుడి కాలుమీద బండ పడ్డప్పుడు నేనూ ఇదే మాట అడిగా. జవాబు రాలా. ఏసు అడిగితే ఏసుకే రాలా, నాకేం వస్తది? ఊళ్లోవాళ్లు నన్ను చూసి నవ్వారు. ఆయన్ని చూసీ నవ్వారు, ముళ్లకంప తలకి చుట్టి రాజువి గదా దిగిరమ్మన్నారు. ఆయన దిగలా, నేనూ దిగను. మూడోరోజు దాకా ఉండాల గదా. నాకింకా మూడోరోజు రాలా. నేను ఉంటన్నా.’ అంతే చెప్పి కూర్చుంది. పాటకి తాళం అందుకోవటానికి కూడా ఎవరికీ చేతులు రాలా.

మన బైబిలు తెలుగులో ఆశని ‘నిరీక్షణ’ అంటారు. ఆ మాటకి లోకంలో ఎదురుచూడ్డమని అర్థం. అందుకే బయటివాళ్లకి మేం చేతులు ముడుచుకుని ఆకాశం వంక చూస్తున్నట్టు కనపడతాం. మా అమ్మ ఎదురుచూపు మిరప నారు పోసినవాళ్ల ఎదురుచూపు. నీళ్లు మొయ్యాల, కలుపు తియ్యాల, కోడి రాకుండా కంప కట్టాల. చేతులు ఖాళీగా ఉండవు.

ఆ చేతుల్లో ఏముందో చెప్తాను. ‘పిడికెడు బియ్యం’ అని మా చర్చిల్లో ఒక పద్ధతుంది. పొయ్యిమీద ఎసరు మరుగుతుంటే, బియ్యం కడగబోయే ముందు ఆడవాళ్లు ఒక పిడికెడు తీసి పక్క డబ్బాలో వేస్తారు. పొద్దున ఒక పిడికెడు, రాత్రికి వండితే ఒక పిడికెడు. ఆదివారం ఆ డబ్బా చర్చికి తెచ్చి పెద్దగంపలో పోస్తారు. ఆరాధన అయ్యాక ఆ బియ్యం పాట పెడతారు. వచ్చిన డబ్బు స్త్రీల సమాజానిది.

మా ఇంట్లో స్టోరు బియ్యం. ముక్కిపోయి, పురుగులుపడి ఉండేవి. అవి కూడా నెలాఖరుకి చాలేవి కాదు. నాయన మంచంలో ఉన్న రోజుల్లో నూకలు కాచుకుని తాగాం. నూకల్లోంచి కూడా అమ్మ పిడికెడు తీసేది. నాకు ఆకలి, కోపం. ‘మనకే లేకపోతే దేవుడికెందుకమ్మా’ అని అరిచాను. ‘దేవుడికి కాదులేవే, దేవుడు నూకలు తాగుతాడా! ఆ చివరింటి బాలింతకి’ అంది. ‘రేపు మనకెవరన్నా తియ్యాల్నంటే ఇవాళ మనం తియ్యాల.’

ఏడో తరగతి నుంచి ఆ సమాజం లెక్కల పుస్తకం రాసింది నేను. వాళ్లలో ఎవరికీ రాత రాదు. అరవై ఇళ్లు. ఇంటికి వారానికి గట్టిగా అరకేజీ వచ్చేది. కొన్ని ఆదివారాలు గంప సగం కూడా నిండేది కాదు. ఖర్చు కాలం ఇట్లా ఉండేది: ముసలామె శవానికి తెల్లబట్ట. పాస్టరుగారికి ఇంత. పురుడు కష్టమైన పిల్లని ఒంగోలు తీసుకుపోయిన ఆటో కిరాయి. చర్చికి రేకులు నాలుగు. వడదెబ్బ తగిలిన ముసలాయనకి సెలైను. మా నాయనకి చంకకర్రలు, జత. అవును, మా నాయన చంకకర్రలు కొనిపెట్టింది ఆ పిడికెళ్లే. ‘మీ ఏసుని నడిపించమనవే’ అన్నోళ్లకి ఆ సంగతి తెలియదు.

2006లో నాకు ప్రభుత్వ డైట్‌లో సీటొచ్చింది. ఫీజు తక్కువే. మెస్సుకి కట్టాలి, పుస్తకాలు కొనాలి, రేకుపెట్టె కావాలి, రెండు జతల బట్టలు కావాలి. అమ్మ పుస్తెల్లాంటివి అమ్మడానికేం మిగల్లేదు. సమాజం ఆడవాళ్లు మాట్లాడుకుని 2,400 రూపాయలు నా చేతిలో పెట్టారు. పుస్తకంలో నా పేరు నేనే రాసుకున్నాను. నా చెయ్యి వణికింది. ‘ఉద్యోగమొచ్చాక తిరిగిచ్చేస్తానత్తా’ అంటే వాళ్లలో పెద్దామె, ‘ఇవ్వమాక. అప్పు కాదది. నువ్వూ ఎసరు పెట్టే ప్రతిసారీ ఒక పిడికెడు తియ్యి, చాలు’ అంది.

బియ్యం కోసం కిరస్తానీలయ్యారని మీకు ఎవరైనా చెప్తే, ఆ బియ్యం లెక్క నా చేతిరాతలో ఉందని చెప్పండి. ఎవరు తీసుకున్నారో, ఎవరు పెట్టారో ఉంది.

చదువైపోయింది. అప్పుడు కాగితం తెరుచుకుంది. కులధృవీకరణ కాగితం.

1950 ఆగస్టు 10న రాష్ట్రపతి ఉత్తర్వు ఒకటి వచ్చింది. హిందూ మతం కాకుండా వేరే మతం పాటించేవాడు షెడ్యూల్డు కులంవాడు కాడని అందులో మూడో పేరా. తర్వాత 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు. క్రైస్తవుల్నీ ముస్లింల్నీ కలపలా. మన రాష్ట్రంలో క్రైస్తవంలోకి పోయిన ఎస్సీలూ వాళ్ల పిల్లలూ బీసీ-సి. రిజర్వేషను నూటికి ఒకటి. 1985లో సుప్రీంకోర్టుకి పోయిన సూసై అనే ఆయన మద్రాసులో రోడ్డుపక్క చెప్పులు కుట్టుకునే క్రైస్తవుడు. ప్రభుత్వం చెప్పులు కుట్టేవాళ్లకి ఉచితంగా బంకులిస్తూ ఆయనకివ్వలా. మతం మారాక కూడా ఆ బాధలు అంతే తీవ్రంగా ఉన్నాయని చూపించలేదు గనక ఇవ్వక్కర్లేదని కోర్టు చెప్పింది. రోడ్డుపక్క కూర్చుని చెప్పులు కుట్టేవాడు ఇంకేం చూపించాలి? ఆ తీర్పు గురించి చదివిన రోజు నాకు మా నాయన చేతిలో ఆరె గుర్తొచ్చింది.

మా పల్లెలో ఒకే ఇంట్లో అన్నకి ఒక కాగితం, చెల్లికి ఒక కాగితం ఉన్న ఇళ్లున్నయ్. వాళ్లని నేను తప్పుపట్టను. నూటికి ఒక్కటి ఉన్న చోట నిలబడి కడుపు మాడ్చుకోమని చెప్పే హక్కు ఎవరికుంది? ఆకలిని ఒక పక్క, దేవుణ్ణి ఒక పక్క పెట్టి ఏదో ఒకటి తీసుకోమని మాదిగ పిల్లల్ని అడిగింది వాళ్లమ్మానాన్నలు కాదు, ఆ మూడో పేరా. నేను నా మటుకు అమ్మని అడిగాను. ‘ఏం రాయించుకుంటావో నీ ఇష్టం. రాసినాక చదివి నాకు వినిపియ్యి’ అంది. ఆమె ముందు చదివి వినిపించగలిగింది రాయించుకున్నాను. బీసీ-సి. 2012 డీఎస్సీ రాసి ఉద్యోగం తెచ్చుకున్నాను. పగలు పొగాకు గ్రేడింగుకి అమ్మతో పోతా, రాత్రి చర్చి అరుగుమీద ట్యూబులైటు కింద చదివాను.

ఉద్యోగం వచ్చిన ఊళ్లో ఇల్లు అద్దెకి అడిగాను. ఇంటామె మర్యాదగానే కూర్చోబెట్టింది. ‘మీరేమిట్లమ్మా?’ అంది. బీసీ-సి అని చెప్పాను. ఆమె లోపలికి పోయి భర్తని అడిగొచ్చింది. మంచినీళ్ల గ్లాసు తెస్తున్న పిల్లని గుమ్మంలోనే ఆపేసింది. ‘బీసీ-సి అంటే మాదిగ కిరస్తానీలేగా! మా అత్తగారు ఒప్పుకోదమ్మా’ అంది. చూశారా, కాగితం మీద నేను ఎస్సీని కాను. గడప దగ్గర మాత్రం నికార్సయిన మాదిగని. సూసై చూపించలేకపోయారన్న సాక్ష్యం ఆ గుమ్మంలో ఆగిపోయిన మంచినీళ్ల గ్లాసులో ఉంది. ఆ ఊళ్లో అయిదు ఇళ్లు తిరిగి, చివరికి ఒక ముస్లిం కుటుంబం మేడమీద గది ఇస్తే చేరాను.

బళ్లో సంగతి కూడా చెప్పాలి. తోటి టీచర్లలో మంచివాళ్లు లేకపోలేదు. కానీ చేరిన కొత్తలో ఒకాయన రోజూ నా నుదురు చూసి నిట్టూర్చేవాడు. ‘పొద్దున్నే ఖాళీ మొహం చూస్తున్నాం మేడం’ అనేవాడు, తమాషాగా. ఇంకొకామె తన బ్యాగులోంచి స్టిక్కర్ల అట్ట తీసి ‘పిల్లలకోసమన్నా పెట్టుకోండి’ అంది. నా నుదురు మీద ఏముందో చూడ్డానికి పిల్లలు బడికి రాలేదు. నల్లబల్ల మీద ఏముందో చూడ్డానికి వచ్చారు. నేను అదే చూపించాను. మూడో తరగతి చివరికి నా తరగతిలో చదవటం రాని పిల్ల ఉండకూడదని పట్టుబట్టాను. అదే నా జవాబు.

ఇప్పుడు మీ గురించి, అంటే మన గురించి. ఉద్యమ మిత్రుల నవ్వు కూడా నాకు తెలుసు. ఒక సభలో మాట్లాడిన అన్న, ‘మనోళ్లు మేఘాల మీద ఏసు వస్తాడని చూస్తా కూర్చుంటారు, ఈలోపు కింద భూమి పోద్ది’ అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన మాటలో న్యాయముంది. పరలోకం చూపించి ఇహలోకం మర్చిపొమ్మనే బోధకుల్ని నేనూ చూశాను. మాల చర్చి వేరు, మాదిగ చర్చి వేరు. కొన్ని ఊళ్లలో సమాధులతోట కూడా వేరు. ఒకే బల్లలో రొట్టె తిన్నవాళ్లు పిల్లనిచ్చేకాడ కులం అడుగుతారు. ఇదంతా మేం కడుక్కోవాల్సిన మురికి. బాబాసాహెబు 1956లో నాగపూరులో బౌద్ధం తీసుకున్నారు. ఆయన దారిమీద నాకు గౌరవం. మా ఇంట్లో సిలువ ఉన్న గోడకే ఆయన పటమూ ఉంది. రెండింటికీ ఒకటే మేకు చాలదని నాయన రెండు మేకులు కొట్టాడు.

కానీ ఒకటి అడుగుతాను. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపినప్పుడు ప్రాణాలు అరచేత పట్టుకుని చీరాల పరిగెత్తిన జనం ఎక్కడ తలదాచుకున్నారు? చర్చి ఆవరణలో. మన ఉద్యమం ఆ ఆవరణలో నిలబడి ఊపిరి పీల్చుకుంది. ఆ కేసులో సాక్షిగా నిలబడ్డ దుడ్డు అలీసమ్మని 1986లో చంపేశారు. మా చర్చిల్లో ‘సాక్ష్యం చెప్పటం’ అని ఒక మాటుంది. దేవుడు నాకు ఈ మేలు చేశాడని లేచి నిలబడి చెప్పటం. అలీసమ్మ పేరు విన్నప్పటినుంచి ఆ మాట నాకు ఒట్టి ప్రార్థన మాటలాగా వినపడదు. చూసింది చూసినట్టు చెప్పటానికి నిలబడాలంటే, చంపుతామన్నా పోనిది ఏదో లోపల ఉండాలి. దాన్ని మత్తుమందు అంటే నాకు అర్థం కాదు. మత్తులో ఉన్నవాళ్లు సాక్ష్యానికి రారు.

2025లో మన రాష్ట్రంలో ఎస్సీ వర్గీకరణ వచ్చింది. 1994లో మా జిల్లా ఈదుమూడిలో మొదలైన దండోరా ముప్పై ఏళ్లు నడిచి మాదిగల వాటా 6.5 శాతం అని రాయించుకుంది. ఆ వార్త విని నేను ఏడ్చాను, సంతోషంతోనే. మా మేనమామలు ఆ డప్పుల వెనక నడిచినవాళ్లు. ఆ లెక్కలో నేను లేను. అదే సంవత్సరం ఒక కేసులో మన హైకోర్టు, క్రైస్తవంలోకి మారి దాన్ని పాటిస్తున్న మనిషికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ ఉండదని చెప్పింది. అంటే, రేపు నన్ను కులం పేరు పెట్టి తిట్టినవాడు నా బైబిలు చూపించి బయటపడొచ్చు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ మూడో పేరా తీసెయ్యమంది. 2022లో కేంద్రం ఇంకో కమిషన్ వేసింది. 2023లో మన శాసనసభ దళిత క్రైస్తవుల్ని ఎస్సీల్లో చేర్చమని తీర్మానం చేసింది. అడిగిన ప్రతిసారీ మా చేతికి ఇంకో కాగితం వస్తుంది.

మొన్నామధ్య మా బళ్లో అయిదో తరగతి పిల్ల భోజనాల వేళ తినకుండా కూర్చుంది. మగపిల్లలు ఫోనులో చూసిన వీడియో మాటలు పట్టుకుని ‘గొర్రె, గొర్రె’ అని అరిచారంట. ‘టీచర్, మనం గొర్రెలమా?’ అని అడిగింది. మనం అంది చూశారా. నేను ఎవరో ఆ పిల్లకి ఎవరూ చెప్పలా. ఖాళీ నుదురు చెప్పుంటది.

నేను అందర్నీ కూర్చోబెట్టాను. అరిచినవాళ్లలో ఇద్దరు గొర్రెలు మేపుకునే ఇళ్ల పిల్లలే. ‘మిట్టమధ్యాహ్నం చెట్టు లేనిచోట గొర్రెలు ఏం చేస్తయ్‌రా?’ అని వాళ్లనే అడిగాను. ఒకడు లేచాడు. ‘ఒకదాని పొట్టకింద ఒకటి తల దూర్చుకుని నిలబడతయ్ టీచర్. నీడకి.’ ‘మరి అది తిట్టెట్లా అయిద్దిరా?’ అన్నాను. వాడు తల గోక్కున్నాడు. ఆ పిల్ల కంచం ముందుకి లాక్కుంది.

మా నాయన మూడేళ్ల తర్వాత ఒక ఆదివారం తనంతట తనే చర్చికొచ్చాడు. ఎందుకు మానేశాడో చెప్పలా, ఎందుకొచ్చాడో చెప్పలా. లోపలికి రాకుండా వరండాలో గోడకి చంకకర్రలు ఆనించి కూర్చున్నాడు. ఈ రోజుకీ అక్కడే కూర్చుంటాడు. లోపల అమ్మ, వరండాలో నాయన. మా విశ్వాసంలో రెండు చోట్లూ ఉన్నయ్. కాలు మొలవలా. చట్టం మారలా. అద్దె ఇంటి గడపలు మారలా. అయినా నిరీక్షణ పోలా. ఎందుకంటే మేం దాన్ని ఎవరి దగ్గరా తెచ్చుకోలా, ఎవరన్నా వెనక్కి లాక్కుంటారని భయపడటానికి. పూటపూటా మా ఎసట్లోంచి తీసి పోగేసుకున్నాం.

మీరు మా దేవుణ్ణి నమ్మాలని నేను అడగను. మా ఆడవాళ్లు కూడబెట్టినదాన్ని కూడా ఉద్యమం లెక్కల్లో రాయమని అడుగుతున్నాను. అమ్మ చెప్పే మూడోరోజు ఎప్పుడొస్తదో నాకు తెలియదు. ఈలోపు చెయ్యాల్సిన పనులున్నయ్. పైవీధి పిల్లాడికి డీఎస్సీ ఫారం నింపాలి, కులం గడి దగ్గర వాడు ఆగిపోయి ఉన్నాడు. సమాధులతోట గోడ కూలిపోయింది, ఈసారి మాలపల్లెవాళ్లతో కలిసి ఒకే గోడ కట్టాలని అడుగుతున్నాం, మాటలు నడుస్తున్నయ్. సమాజం పుస్తకం రాయటానికి ఎనిమిదో తరగతి పిల్లకి నేర్పిస్తున్నాను. దాని రాత నాకంటే గుండ్రంగా ఉంది.